ఫెయిర్ అంటే తెలుపేనా?



మన గోడపత్రికలో ఈసారి ఇంగ్లీషు పాఠం వంతు నాకు వచ్చింది. నేను తీసుకున్న మాట 'ఫెయిర్'. స్పెల్లింగు ఎఫ్, ఏ, ఐ, ఆర్. ఇది విశేషణము. విశేషణము అనగా మనిషి గుణాన్ని గాని వస్తువు గుణాన్ని గాని చెప్పే మాట. నాలుగే అక్షరాలు కదా, ఇందులో నేర్చుకునేది ఏముంటది అనుకోవద్దు. చిన్న మాటలకే ఎక్కువ అర్థాలు ఉంటాయి.

మనము ఈ మాటను రోజూ వాడుతున్నాము. "ఫెయిర్ నోట్సు తెచ్చావా?" అని అడుగుతాము. రేషను దుకాణాన్ని ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ షాపు అంటారు. కొత్తగా చేరిన పిల్లను చూసి "ఫెయిర్‌గా ఉంది" అంటాము. ప్రోగ్రెస్ కార్డులో కూడా ఫెయిర్ అని రాస్తారు. నాలుగు చోట్ల మాట ఒకటే, అర్థాలు మాత్రం నాలుగు. పరీక్షలో ఒక్క అర్థమే తెలిస్తే మార్కులు పోతాయి. బయట ఒక్క అర్థమే తెలిస్తే ఇంకా పెద్దవి పోతాయి. అవి ఏమిటో ముందు ముందు చెప్తాను.

మాటను పట్టుకునే పద్ధతి

మా ఇంట్లో మాట్లాడేది కోయ. బడిలో తెలుగు. పుస్తకంలో ఇంగ్లీషు. అమ్మ, అయ్య వేలిముద్ర వేస్తారు కాబట్టి ఇంటి దగ్గర ఇంగ్లీషు మాటకు అర్థం అడగడానికి ఎవరూ లేరు. మనలో చాలామంది పరిస్థితి ఇదే. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ మాటైనా అర్థం కాకపోతే, దాని ఎదురు మాట ఏమిటి అని చూస్తాను. వేడి అంటే ఏమిటో చెప్పడం కష్టం. చల్లన కానిది అంటే చిన్నపిల్లకు కూడా తెలుస్తది.

'ఫెయిర్' దగ్గర ఈ పద్ధతి చాలా బాగా పని చేస్తది. ఎందుకంటే ఈ మాటకు ఎదురు మాట ఒక్కటి కాదు. చోటును బట్టి ఎదురు మాట మారుతది. ఎదురు మాట మారింది అంటే అర్థం మారింది అన్నమాట. ఒక్కొక్కటీ చూద్దాము.

1. ఫెయిర్ × రఫ్

ఇది మనకు బాగా తెలిసిన అర్థం. మొదట తప్పులతో, కొట్టివేతలతో రాసుకునేది రఫ్. తరువాత దిద్దుకొని శుభ్రంగా రాసేది ఫెయిర్ కాపీ. ఇక్కడ ఫెయిర్ అంటే 'కొట్టివేతలు లేని, శుభ్రమైన'. ఈ గోడపత్రికకు కూడా మేము పాత నోట్సుల వెనక పేజీల మీద రఫ్ రాసి, తరువాతనే డ్రాయింగ్ షీటు మీద ఫెయిర్ చేస్తాము.

వాక్యము: దిస్ ఈజ్ మై ఫెయిర్ కాపీ. అర్థము: ఇది నేను దిద్ది రాసిన ప్రతి.

ఒక సంగతి గమనించండి. "ఫెయిర్ చెయ్యి" అనేది మనము తెలుగులో కలిపి చేసుకున్న మాట. ఇంగ్లీషులో 'మేక్ ఎ ఫెయిర్ కాపీ' అనాలి.

2. ఫెయిర్ × ఫౌల్

ఇది ఆటలో మాట. ఖో-ఖోలో తరిమే పిల్ల మధ్య గీత దాటితే విజిల్ వేసి ఫౌల్ అంటారు. నియమం ప్రకారం ఆడితే ఫెయిర్. నియమం తప్పితే ఫౌల్. మన తెలుగులో దీనికి మంచి మాట ఉంది: తొండి. "తొండి ఆడకు" అంటే ఇంగ్లీషులో 'ప్లే ఫెయిర్' అనాలి. నియమాల ప్రకారం ఆడటాన్ని 'ఫెయిర్ ప్లే' అంటారు.

ఇక్కడ అర్థము 'అందరికీ ఒకే నియమం'. గెలిచినా ఓడినా సరే, నియమం రెండు జట్లకూ ఒకటే ఉండాలి. బలమున్న జట్టుకి ఒక గీత, బలం లేని జట్టుకి ఒక గీత గీస్తే అది ఆట కాదు. ఈ అర్థాన్ని గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తది.

3. గుడ్‌కి, పూర్‌కి మధ్య ఫెయిర్

ప్రోగ్రెస్ కార్డులో వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని వరస ఉంటది. ఇక్కడ ఫెయిర్ అంటే 'ఫర్వాలేదు, మధ్యరకం'. దీనికి ఎదురు మాట లేదు. ఎందుకంటే ఇది మధ్యలో నిలబడ్డది. అందుకని కార్డు మీద 'ఫెయిర్' అని చూసి మేడమ్ మనను అందంగా ఉన్నావు అన్నారని సంబరపడకూడదు. ఇంకా చదవాలి అని అర్థము.

ఈ మధ్యరకం అర్థం నుంచే 'చెప్పుకోదగ్గంత' అనే అర్థం కూడా వస్తది. 'ఎ ఫెయిర్ నంబర్ ఆఫ్ గర్ల్స్' అంటే చాలామంది అమ్మాయిలు. 'ఎ ఫెయిర్ ఛాన్స్' అంటే కొట్టిపారేయలేని అవకాశం.

ఫెయిర్‌కి చివర 'లీ' కలిపితే 'ఫెయిర్లీ' అనే క్రియావిశేషణం అవుతది. దీనికి రెండు అర్థాలు. ఒకటి 'న్యాయంగా'. రెండోది 'ఒక మాదిరిగా'. రెండో అర్థంలో మన వ్యాకరణ పుస్తకాలు ఒక తేడా చెప్తాయి. మనకు నచ్చిన గుణం ముందు ఫెయిర్లీ, నచ్చని గుణం ముందు రాదర్ వాడాలి. 'ది వాటర్ ఈజ్ ఫెయిర్లీ హాట్' అంటే స్నానానికి సరిపోను వేడిగా ఉన్నాయి, బాగుంది అని. 'ది టీ ఈజ్ రాదర్ హాట్' అంటే తాగలేనంత వేడి అని. వేడి ఒకటే, మాటను బట్టి మన మనసు తెలుస్తది.

వాతావరణానికి కూడా ఈ మాట వాడతారు. 'ఫెయిర్ వెదర్' అంటే వాన, గాలివాన లేని మంచి రోజు. 'ఫెయిర్ వెదర్ ఫ్రెండ్' అని ఒక పలుకుబడి ఉంది. మన దగ్గర ఉన్నప్పుడు వచ్చి, లేనప్పుడు కనపడని స్నేహితురాలు అన్నమాట.

4. చూడటానికి, వినడానికి ఒకటే, కాని వేరు

సైన్స్ ఫెయిర్, బుక్ ఫెయిర్ అన్నప్పుడు ఫెయిర్ విశేషణం కాదు, నామవాచకం. జాతర, ప్రదర్శన అని అర్థం. స్పెల్లింగు అదే కాని పుట్టుక వేరు. ఇది లాటిన్ భాషలో పండుగ రోజు అనే మాట నుంచి ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక తరగతిలో ఒకే పేరు ఉన్న పిల్లలు ఇద్దరు ఉంటారు కదా, వాళ్ళు అక్కచెల్లెళ్ళు కారు. ఇదీ అంతే.

ఎఫ్, ఏ, ఆర్, ఈ అని రాసేది మరో మాట. పలకడం అదే, రాయడం వేరు. దానికి బస్సు ఛార్జి అని అర్థం. పాత ఇంగ్లీషులో 'వెళ్ళడం, ప్రయాణం చేయడం' అనే మాట నుంచి వచ్చింది. పదో తరగతి అక్కలకు ఫేర్‌వెల్ పార్టీ చేస్తాము కదా, ఆ 'ఫేర్' ఇదే. ఫేర్‌వెల్ అంటే 'క్షేమంగా వెళ్ళు' అని. డిక్టేషన్‌లో ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి.

5. ఫెయిర్ × అన్‌ఫెయిర్

ఇప్పుడు అసలు అర్థానికి వచ్చాము. ఇక్కడ ఫెయిర్ అంటే న్యాయమైన, పక్షపాతం లేని. దీని ఎదురు మాట అన్‌ఫెయిర్. నామవాచకం ఫెయిర్‌నెస్.

రేషను దుకాణం సంగతి చూడండి. ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ షాప్ అంటారు. తెలుగులో చౌక ధరల దుకాణం అంటారు. ఈ రెండూ ఒకటేనా? నేను నిఘంటువు ముందు పెట్టుకొని చాలాసేపు ఆలోచించాను. ఒకటి కాదు. చౌక అంటే తక్కువ ధర, ఇంగ్లీషులో 'చీప్'. ఫెయిర్ ప్రైస్ అంటే న్యాయమైన ధర. మనము కొనేటప్పుడు చౌకగా ఉంటే సంతోషమే. అందుకని రేషను దుకాణం దగ్గర తేడా కనపడదు. మరి అమ్మేటప్పుడు?

అమ్మ వేసవిలో చింతపండు కొట్టి, గింజ తీసి, ఎండబెట్టి, తట్టలో నెత్తిన పెట్టుకొని సంతకి నడుస్తది. అక్కడ షావుకారు "చౌకగా ఇవ్వు" అంటాడు. అంటే చీప్‌గా ఇమ్మని. ఫెయిర్ ప్రైస్ అంటే చౌక అనే మనకు అలవాటైతే, అమ్మకి వచ్చే ధర కూడా అదే న్యాయం అనుకుంటాము. కాదు. చెట్టు ఎక్కిన కష్టం, గింజ తీసిన రోజులు, మోసుకొచ్చిన దూరం అన్నీ లెక్కలోకి వస్తేనే అది ఫెయిర్ ప్రైస్. కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ ఇద్దరికీ సరిపోయే ధరే ఫెయిర్. ఒక్క పక్కకే లాభం అయితే అది చీపో, డియరో అవుతది కాని ఫెయిర్ కాదు.

ధర ఒకటే చూస్తే కూడా చాలదు. ధర సరిగ్గా చెప్పి, తూకంలో కొట్టేస్తే అదీ అన్‌ఫెయిర్ కిందికే వస్తది. తక్కెడ సమంగా నిలబడటమే ఈ మాటకు సరైన బొమ్మ. అందుకే ఈ పాఠం పక్కన తక్కెడ బొమ్మ వేయించాను.

అడవి సరుకు తెచ్చేవాళ్ళకు సరైన ధర ఇవ్వడానికి, షావుకార్ల అప్పుల నుంచి కాపాడటానికి 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. జీసీసీ అంటాము కదా, అదే. చింతపండు, తేనె, జిగురు కొంటారు. దాని డీఆర్ డిపోల్లోనే ఏజెన్సీలో చాలా ఊళ్ళకు రేషను ఇస్తారు. అంటే మనము కొనే ఫెయిర్ ప్రైస్, మనము అమ్మే ఫెయిర్ ప్రైస్ రెండూ ఒకే సంస్థ దగ్గర ఉన్నాయి. 2013-14 నుంచి చిన్న అటవీ ఉత్పత్తులకు కేంద్ర ప్రభుత్వం కనీస మద్దతు ధర పథకం కూడా పెట్టింది. సంతకి పోయే ముందు ఆ ధర ఎంతో అడిగి తెలుసుకోవడం చదువుకునే పిల్లల పని.

2013లోనే వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టంలో కూడా ఫెయిర్ ప్రైస్ షాప్ అనే మాట రాసి ఉంది. ఆ చట్టం ప్రకారం ప్రాధాన్యత కుటుంబాల్లో ఒక్కొక్క మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. అంత్యోదయ కార్డుకి కుటుంబానికి 35 కిలోలు. ఇది ఎవరో దయతో ఇచ్చేది కాదు, చట్టంలో రాసిన వాటా. ఇక్కడ కూడా ఫెయిర్ అంటే 'ఎవరి వాటా వాళ్ళకి'.

ఇంకో చట్టం ఉంది. దాని పేరు ఇంగ్లీషులో 'రైట్ టు ఫెయిర్ కాంపెన్సేషన్' అని మొదలవుతది. అంటే 'న్యాయమైన పరిహారం పొందే హక్కు'. ఇది 2013లో వచ్చిన భూసేకరణ చట్టం. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దానికి ముందు బ్రిటీషువాళ్ళు 1894లో చేసిన భూసేకరణ చట్టం ఉండేది. ఆ పాత చట్టం పేరులో 'ఫెయిర్' లేదు. కొత్త చట్టం పేరులో ఆ మాట పెట్టారు. అంటే నాలుగక్షరాల విశేషణం చట్టం పేరులోకి ఎక్కడానికి 119 ఏళ్ళు పట్టింది.

మన హాస్టల్లో పోలవరం ముంపు మండలాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో పరిహారం అనే మాట అన్నం మాటంత తరచుగా వినపడతది. అందుకని లెక్క కూడా రాస్తున్నాను. చట్టం ప్రకారం పల్లెల్లో భూమి మార్కెట్ విలువను 1 నుంచి 2 మధ్య ఉండే అంకెతో గుణించాలి. ఆ అంకె ఎంత అనేది ప్రభుత్వం నిర్ణయిస్తది. నేల మీద ఉన్న చెట్లు, ఇల్లు వంటి వాటి విలువ కలపాలి. వచ్చిన మొత్తానికి అంతే మొత్తం, అనగా 100 శాతం, సొలేషియం కలపాలి. ఉదాహరణకు ఒట్టి నేల విలువ 1,00,000 రూపాయలు, అంకె 1 అనుకుంటే, 1,00,000 + 1,00,000 = 2,00,000. అంకె 2 అయితే 2,00,000 + 2,00,000 = 4,00,000. చూశారా, లెక్కల పీరియడూ ఇంగ్లీషు పీరియడూ కలిసిపోయాయి. కాగితం మీద 'ఫెయిర్' అని రాసి ఉంటే, ఎంతైతే ఫెయిర్ అని అడగడానికి మనకు ఈ రెండు పీరియడ్లూ కావాలి.

ఎవరైనా ఈ మాటను 'అందమైన పరిహారం' అని గాని 'తెల్లని పరిహారం' అని గాని అర్థం చేసుకుంటే నవ్వు వస్తది. కాని 'ఫర్వాలేదు అనిపించే పరిహారం' అని అర్థం చేసుకుంటే నవ్వు రాదు. ఎందుకంటే అది మూడో అర్థం, ప్రోగ్రెస్ కార్డు అర్థం. ఈ చట్టంలో ఉన్నది అయిదో అర్థం. పైన నేను పెద్దవి పోతాయి అన్నది దీని గురించే.

6. ఫెయిర్ × డార్క్

ఇప్పుడు హాస్టల్లో అందరికంటే ఎక్కువ వాడే అర్థము. ఫెయిర్ అంటే లేత రంగు ఒళ్ళు గాని, లేత రంగు జుట్టు గాని. ఎదురు మాట డార్క్. తెలుగులో దీనికి మనం తెల్లగా అంటాము, చాలాసార్లు ఎర్రగా అంటాము. మధ్యలో ఉంటే చామనఛాయ అంటాము.

ఒకసారి ఒక ఊళ్ళో పెద్ద సభకు మమ్మల్ని రేల ఆటకు తీసుకుపోయారు. ఊరు పేరు, మనిషి పేరు రాయను. అక్కడ వరసలు పెట్టే ఒకాయన "ఫెయిర్‌గా ఉన్న పిల్లలు ముందుకు రండి" అన్నాడు. మాలో అందరికంటే అడుగు బాగా తెలిసిన అక్క వెనక్కి పోయింది. మేము ఆ అక్క కాలు చూసే అడుగు వేస్తాము. ముందు నిలబడ్డవాళ్ళకు చూసేందుకు కాలు లేదు. ఆట రెండుసార్లు తప్పింది. వచ్చేటప్పుడు బస్సులో ఆ అక్క ఏమీ మాట్లాడలేదు. ఆయన మాటలో ఫెయిర్ ఉంది. ఆయన పనిలో ఫెయిర్ లేదు. ఒకే వాక్యంలో ఆరో అర్థం వచ్చి అయిదో అర్థాన్ని బయటకి నెట్టేసింది. నాకు ఈ పాఠం రాయాలని అనిపించడానికి ఇది ఒక కారణం.

ఆ తరువాత నేను లైబ్రరీలో చూశాను, సైన్సు మేడమ్‌ని కూడా అడిగాను. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటది. అది ఎక్కువ ఉంటే నలుపు, తక్కువ ఉంటే తెలుపు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాపాడేది అదే. అంటే నలుపు ఒక గొడుగు వంటిది. ఎంత మెలనిన్ ఉండాలి అనేది ఎక్కువగా అమ్మానాన్నల నుంచి వస్తది. అమ్మ రంగు మనకు వస్తే అందులో తక్కువతనం ఏముంది?

1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరు అందరికీ తెలుసు. 2020లో కంపెనీవాళ్ళే ఆ పేరులో ఫెయిర్ అనే మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అని మార్చారు. నలుపు తక్కువ అన్నట్టు ప్రకటనల్లో చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమాలు పెట్టింది. సంతల్లో పేరు లేని డబ్బాల్లో కూడా క్రీములు అమ్ముతారు. తెల్లగా చేస్తామనే కొన్ని క్రీముల్లో పాదరసం కలుస్తుందని, అది మూత్రపిండాలను పాడు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. మనకు ఇచ్చే కాస్మెటిక్ డబ్బులు సబ్బుకి, కొబ్బరినూనెకి. అవి డబ్బాలో పోసి ఒంటికి విషం రాసుకోవద్దు చెల్లెళ్ళారా.

పెద్దవాళ్ళు "నలుపు నారాయణుడు మెచ్చు" అంటారు. నేనైతే నారాయణుడి దాకా పోను. అడుగు బాగా వేసే పిల్ల ముందు వరసలో ఉండాలి, అంతే.

7. అన్ని అర్థాలు ఒకే మాటకు ఎలా వచ్చాయి?

తెలుపుకీ, న్యాయానికీ ఒకే మాట ఉంది కదా, అయితే తెల్లగా ఉన్నవాళ్ళే న్యాయంగా ఉంటారని ఇంగ్లీషువాళ్ళ ఉద్దేశమా? ఇది మా తరగతిలో ఒక పిల్ల అడిగిన ప్రశ్న. మంచి ప్రశ్న.

జవాబు మాట పుట్టుకలో ఉంది. సుమారు వెయ్యి ఏళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఈ మాటకు 'అందమైన, చూడముచ్చటైన' అని అర్థం. అప్పటికి రంగు లేదు, న్యాయం లేదు. తరువాత అందం నుంచి రెండు దారులు చీలాయి. ఆ దేశంలో లేత రంగు జుట్టును, లేత రంగు ఒళ్ళును అందం అనుకున్నారు కాబట్టి అందం మాట రంగు మాట అయింది. రెండో దారిలో, అందం అంటే మచ్చ లేనిది కాబట్టి, పక్షపాతం అనే మచ్చ లేని మనిషికి, పనికి ఆ మాట పెట్టారు. 14వ శతాబ్దం నాటికే ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. ఫెయిర్ కాపీలో ఉన్న శుభ్రం కూడా ఆ మచ్చ లేనితనమే.

అంటే రంగు అర్థం నుంచి న్యాయం అర్థం పుట్టలేదు. రెండూ ఒకే కొమ్మకు పక్కపక్కన కాసిన కాయలు. ఆ మాట మన కొండల్లో పుట్టి ఉంటే దానికి నేరేడుపండు రంగు అంటుకునేదేమో. తెలుగులో "తెల్లవారింది" అంటే తెల్లవాళ్ళు వచ్చారని కాదు కదా. ఇదీ అలాగే.

8. వాడుక నియమాలు (నోట్సులో రాసుకోండి)

ఒకటి. నామవాచకం ముందు రావచ్చు: ఎ ఫెయిర్ ప్రైస్. 'ఈజ్' తరువాత కూడా రావచ్చు: ది ప్రైస్ ఈజ్ ఫెయిర్.

రెండు. మూడు డిగ్రీలు: ఫెయిర్, ఫెయిరర్, ఫెయిరెస్ట్. 'మోర్ ఫెయిరర్' అని రెండూ కలిపి రాయకూడదు.

మూడు. మనిషి పట్ల న్యాయంగా ఉంది అనడానికి 'టు' వాడాలి: అవర్ కెప్టెన్ ఈజ్ ఫెయిర్ టు ఆల్ ది గర్ల్స్.

నాలుగు. ఎదురు మాటకు ముందు 'అన్' చేర్చాలి: అన్‌ఫెయిర్. కాని ఇది న్యాయం అర్థానికే. తెల్లగా లేని పిల్లను అన్‌ఫెయిర్ అనకూడదు. అలా అంటే ఆ పిల్ల అన్యాయం చేసేది అని అర్థం వస్తది.

అయిదు. 'ప్లే ఫెయిర్' అనే చోట 'ఫెయిర్లీ' అని మార్చనక్కరలేదు. అది అలవాటుగా వచ్చిన వాడుక.

అభ్యాసము

కింది వాక్యాల్లో ఫెయిర్‌కి ఎదురు మాట ఏది? రఫ్, ఫౌల్, అన్‌ఫెయిర్, డార్క్ లలో ఒకటి రాయండి. ఎదురు మాట లేకపోతే గీత పెట్టండి.

1. షి గాట్ ఎ ఫెయిర్ ప్రైస్ ఫర్ హర్ టామరిండ్.
2. రైట్ దిస్ ఎస్సే ఇన్ ది ఫెయిర్ నోట్‌బుక్.
3. హర్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ ఓన్లీ ఫెయిర్.
4. ది రిఫరీ సెడ్ ఇట్ వాజ్ ఎ ఫెయిర్ మూవ్.
5. మై ఫ్రెండ్ ఈజ్ ఫెయిర్ అండ్ ఐ యామ్ నాట్.
6. వుయ్ వాంట్ ఫెయిర్ కాంపెన్సేషన్.

జవాబులు: 1. అన్‌ఫెయిర్. 2. రఫ్. 3. గీత. 4. ఫౌల్. 5. డార్క్. 6. అన్‌ఫెయిర్.

అయిదో వాక్యం దగ్గర కొంచెం ఆగండి. జుట్టు, ఒళ్ళు గురించి అయితే జవాబు డార్క్. గుణం గురించి అయితే జవాబు అన్‌ఫెయిర్. 'నేను తెల్లగా లేను' అనడానికి ఆ వాక్యం ఎవరైనా చెప్పవచ్చు. 'నేను న్యాయంగా లేను' అనే అర్థం వచ్చేలా మాత్రం మనలో ఎవరూ చెప్పుకోనక్కర లేకుండా ఉండాలి.

7. ఈ ప్రశ్నకు జవాబు నేను రాయలేదు. అక్షరం రాని అమ్మకు, సంత దారిలో నడుస్తూ, 'ఫెయిర్ ప్రైస్' అంటే ఏమిటో మీ ఇంటి భాషలో ఒక్క వాక్యంలో ఎలా చెప్తారు? కోయలో గాని, కొండరెడ్ల మాటలో గాని, లంబాడీలో గాని, తెలుగు అక్షరాలతో రాసి, గోడపత్రిక కింద కట్టిన అట్టపెట్టెలో వేయండి. వచ్చిన వాక్యాలన్నీ వచ్చే సంచికలో ఫెయిర్ చేసి పెడతాము.

— 9వ తరగతి విద్యార్థిని